మిర్చి బజ్జీ పక్కన వూవ్రే

సాయంత్రం ఆరు దాటితే తార్నాకలో బజ్జీల బండి దగ్గర నిలబడడానికి చోటుండదు. సగం మంది ఓయూ క్యాంపస్ నుంచి వచ్చినవాళ్లే. మొన్న శనివారం అక్కడే పొట్లం కట్టించుకుని ఫ్రెండ్ ఫ్లాట్‌కి వెళ్లాం. ఫ్రాన్స్‌లో ప్రాజెక్ట్ ముగించుకుని వచ్చినోడు ఒక వైట్ వైన్ బాటిల్ తీశాడు. లేబుల్ మీద ‘వూవ్రే’, కింద చిన్నగా ‘డెమీ సెక్’ అని ఉంది. “దీనికి చీజ్ ఉండాలిరా, బజ్జీలేంటి?” అని ఒకడు నవ్వాడు. రెండో బజ్జీకే వాడి నోరు మూతపడింది.

కారం తిండికి వైన్ కుదరదని టీమ్ డిన్నర్లలో చాలాసార్లు విన్నా. నేనూ నమ్మా. కానీ తప్పు మన తిండిది కాదు, మనం ఆర్డరిచ్చే వైన్‌ది. ఎక్కువగా రెడ్ వైనే చెప్తాం. అందులో టానిన్లు ఉంటాయి. నేరేడు పండు తిన్నాక నోరు పట్టేసినట్టుంటుంది చూడండి, ఆ వగరే. దానికి ఆల్కహాల్ ఘాటు కూడా తోడైతే మిర్చి మంట ఇంకా పెరుగుతుంది. వూవ్రేలో ఆ వగరు దాదాపు ఉండదు, పులుపు గట్టిగా ఉంటుంది. డెమీ సెక్ అయితే కాస్త తీపి కూడా. తీపి మంటని తగ్గిస్తుంది, పులుపు నూనె జిడ్డుని నాలుక మీద నిలవనివ్వదు. బజ్జీలో ఉల్లిపాయ పెట్టి నిమ్మకాయ పిండుకుంటాం కదా, అదే లెక్క.

వూవ్రే ఒక ఊరి పేరు. ఫ్రాన్స్‌లో లువార్ నది ఉత్తర గట్టున, తూర్ నగరానికి తూర్పున ఉంటుంది. అక్కడి ద్రాక్ష షెనిన్ బ్లాంక్. చల్లటి ప్రాంతం, ఆలస్యంగా పండే కాయ, అందుకే పండినా పులుపు పోదు. ఊరంతా తుఫో అనే మెత్తటి సున్నపురాయి మీద ఉంది. సుమారు 9 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఓయూలో వాకింగ్‌కి వెళ్తే కనిపించే గ్రానైట్ గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, వాటి ముందు ఇది పసిపాప! మన గుండుకి డ్రిల్లింగ్ మెషీన్ కావాలి. అక్కడ మాత్రం కొండని తొలిచి ఇళ్లే కట్టుకున్నారు, వైన్ దాచే గుహలు తవ్వుకున్నారు. ఎండాకాలమైనా లోపల 12 డిగ్రీల దగ్గరే. కరెంటు బిల్లు లేని ఫ్రిజ్ అన్నమాట. హలీంకి 2010లో జీఐ ట్యాగ్ వచ్చినట్టే, వూవ్రే పేరుకి 1936 నుంచే చట్టరక్షణ ఉంది.

కొనేముందు లేబుల్ చూడండి, డబ్బులు అక్కడే వృథా అయ్యేది. ‘సెక్’ అంటే తీపి లేనిది, ‘డెమీ సెక్’ కొంచెం తీపి, ‘మొఎలూ’ బాగా తీపి. కారానికి రెండోది.

అపోలో ఫిష్‌తో అదిరింది. రొయ్యల వేపుడుతో ఇంకా బాగుంది. గోంగూర మటన్ దగ్గర మాత్రం చిత్తుగా ఓడిపోయింది. గోంగూర పులుపు ముందు వైన్ నీళ్లలా చప్పబడింది. అక్కడివాళ్లయితే దీన్ని నది చేపతో, మేకపాల చీజ్‌తో తాగుతారు.

మనకూ ద్రాక్ష కథ ఉంది. హైదరాబాద్ పేరు నిలబెట్టిన అనాబ్-ఇ-షాహి, పెద్ద పెద్ద లేత పచ్చ కాయలు. కాకపోతే అది ప్రధానంగా తినే పండు. షెనిన్ బ్లాంక్ కావాలంటే నాసిక్ చాలు. సులా 2000లో విడుదల చేసిన తొలి వైన్లలో అదొకటి. ఫ్రాన్స్ బాటిల్‌కి సుంకాలు, పన్నులు కలిసి ధర మోత మోగుతుంది కాబట్టి ముందు నాసిక్‌దే చల్లగా చేసి బజ్జీతో చూడండి.

తెలంగాణలో 21 నిండాకే. క్యాంపస్‌లోకి బాటిల్ తీసుకెళ్లే ఐడియా అస్సలు వద్దు. ఏ మోతాదైనా పూర్తిగా సేఫ్ కాదని డబ్ల్యూహెచ్ఓ 2023లో చెప్పింది, అదీ గుర్తుంచుకోండి. మా నలుగురిలో ఒకడు తాగడు. వాడు నిమ్మ సోడాతో మా కన్నా రెండు బజ్జీలు ఎక్కువే లాగించాడు.