రెండవ వరుస పోటీలో మన ఆడపిల్లలు



మొన్న స్త్రీల కూడిక ముగిశాక మా సంఘములోని ఒక తల్లి ఆగి అడిగింది: "అయ్యగారూ, మా పిల్లను జిల్లా హాకీ జట్టులోకి తీసుకున్నారు. పంపమంటారా? అదేమన్నా పెద్ద పోటీయా, గెలిస్తే పేపర్లో వేస్తారా?" పంపమనే చెప్పాను. అయితే ఆమె చివర అన్న మాట ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు. పెద్ద పోటీ కాకపోతే ఆడనక్కరలేదా? అందుకే ఈ నెల ఒలింపిక్స్ గురించి కాక, పేపరు చివరి పేజీలో నాలుగు వాక్యములతో సరిపెట్టే ఒక పోటీ గురించి రాస్తున్నాను.

దాని పేరు నేషన్స్ కప్. లోక హాకీలో మొదటి వరుస జట్లు ప్రో లీగ్ అనే పోటీలో ఏడాది పొడవునా ఒకరితో ఒకరు ఆడుతుంటాయి. అందులో చోటు లేని జట్లలో మంచివి ఎనిమిది కలిసి నేషన్స్ కప్ ఆడతాయి. గెలిచిన జట్టుకు మరుసటి ప్రో లీగ్‌లో చోటు దొరుకుతుంది. మిగిలిన జట్లకు ఆ చోటు దక్కదు. అంటే రెండవ స్థానానికి పతకము దక్కుతుందే గాని తలుపు తెరుచుకోదు. ఆ పోటీలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

స్త్రీలకు మొదటి నేషన్స్ కప్ 2022 డిసెంబరు 11 నుండి 17 వరకు స్పెయిన్ దేశములోని వలెన్సియా పట్టణములో జరిగింది. మన జట్టుకు నాయకురాలు గోల్ కీపర్ సవిత. ఈ అమ్మాయిలు 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను ఓడించి, నాలుగవ స్థానము వరకు వెళ్ళి దేశమంతటినీ టీవీల ముందు కూర్చోబెట్టినవారే. ఏడాదిన్నర తిరగకముందే రెండవ వరుస పోటీకి దిగవలసి వచ్చింది. అక్కడ వారు చిలీని 3-1తో, జపాన్‌ను 2-1తో, దక్షిణాఫ్రికాను 2-0తో ఓడించారు.

సెమీఫైనల్ ఐర్లాండ్‌తో. అరవై నిమిషములూ అయిపోయేసరికి ఇద్దరికీ చెరొక గోలు. అప్పుడు షూటౌట్ పెడతారు. ఒక్క క్రీడాకారిణి బంతితో ఇరవై మూడు మీటర్ల గీత నుండి బయలుదేరుతుంది. ఎదురుగా గోల్ కీపర్ తప్ప ఎవరూ ఉండరు. ఎనిమిది సెకండ్లలో గోలు వేయాలి. ఎనిమిది సెకండ్లంటే మనం గడప దాటి చెప్పులు వేసుకునే సమయము కూడా కాదు. ఇలా ఒక్కొక్క జట్టుకు అయిదుగురు. ఆ రోజు మన వైపు లాల్‌రెమ్‌సియామి, సోనికా గోళ్ళు వేశారు, ఐర్లాండ్ వారికి ఒక్కటే వచ్చింది. మరునాడు ఫైనల్లో ఆతిథ్య దేశమైన స్పెయిన్‌పై గుర్జీత్ కౌర్ ఆరవ నిమిషములో పెనాల్టీ కార్నర్ ద్వారా గోలు వేసింది. ఆ ఒక్క గోలును మిగతా సమయమంతా కాపాడుకున్నారు. ఒక గోలు వేయడముకన్నా యాభై నాలుగు నిమిషములు దాన్ని పోనివ్వకుండా నిలబడటమే కష్టమని నేననుకుంటాను.

లాల్‌రెమ్‌సియామి పేరు రాశాను గనుక మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఆమెది మిజోరాములోని కొలాసిబ్. 2019 జూన్‌లో మన జట్టు జపాన్‌లోని హిరోషిమాలో మరొక రెండవ వరుస పోటీ ఆడుతున్నది. దాని పేరు ఎఫ్.ఐ.హెచ్. సిరీస్ ఫైనల్స్. అక్కడ ఫైనల్ చేరితేనే ఒలింపిక్స్ అర్హత పోటీకి దారి ఉంటుంది. చిలీతో సెమీఫైనల్‌కు ముందు ఆమె తండ్రి గుండెపోటుతో చనిపోయాడన్న కబురు వచ్చింది. అప్పటికామెకు పంతొమ్మిదేళ్ళు. ఇంటికి వెళ్ళిపొమ్మని చెప్పడానికి ఎవరికీ అభ్యంతరము లేదు. ఆమె మాత్రము ఉంటానన్నది. మన జట్టు సెమీఫైనల్లో చిలీని 4-2తో, ఫైనల్లో జపాన్‌ను 3-1తో గెలిచింది. నాయకురాలు రాణి రాంపాల్ ఆ విజయమును లాల్‌రెమ్‌సియామి తండ్రికి అంకితమిచ్చింది. ఆ తరువాతనే ఆమె కొలాసిబ్ చేరింది. అప్పటికి సమాధి కార్యక్రమము అయిపోయింది.

తండ్రి ముఖము చివరిసారి చూడకుండా ఉండటము సరియేనా అని నన్నడిగితే నేను తీర్పు చెప్పను. సమాధుల వద్ద నిలబడి చాలా కుటుంబములను చూసినవాడను. ఆలస్యముగా వచ్చిన పిల్లల ఏడ్పు ఎలా ఉంటుందో తెలుసు. ఆ పోటీ గెలిచినందువల్ల వచ్చిన అవకాశముతోనే మన జట్టు నవంబరులో భువనేశ్వర్‌లో అమెరికాతో రెండు మ్యాచ్‌లు ఆడి, మొత్తము మీద 6-5తో గెలిచి టోక్యోకు వెళ్ళింది. మిజోరాము నుండి ఒలింపిక్స్ ఆడిన మొదటి స్త్రీ లాల్‌రెమ్‌సియామియే.

ఈ జట్టులోని చాలామంది పల్లెటూరి బిడ్డలు. జార్ఖండ్‌లోని సిమ్డేగా, ఖూంటీ, ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాల నుండి ఎందరో వచ్చారు. అక్కడి ఆదివాసీ గ్రామములలో హాకీ మన పల్లెల్లో కబడ్డీలాంటిది. గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే పోటీలు జరుగుతాయి, ఆ మాంసమును అందరూ కలిసి వండుకు తింటారు. ఆ ప్రాంతములో మిషన్ పాఠశాలల ద్వారా కూడా హాకీ బాగా వ్యాపించింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకము తెచ్చిన మన పురుషుల జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా, రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ పాఠశాల విద్యార్థియే. సిమ్డేగా జిల్లా బడ్కీచాపర్ గ్రామపు సలీమా టెటే టోక్యోలో ఆడుతుంటే చూడటానికి ఇంట్లో టీవీ లేకపోయింది. అధికారులు వచ్చి పెట్టించారు. ఆ అమ్మాయే 2024లో భారత జట్టుకు నాయకురాలైంది. మన వైపునుండి, ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లెకు చెందిన ఏటిమరపు రజని చాలాకాలము సవితకు తోడు గోల్ కీపర్‌గా ఉన్నది. రెండవ గోల్ కీపర్ అంటే ఏమిటో ఆలోచించండి. రోజూ అంతే సాధన, అన్నే దెబ్బలు, మ్యాచ్ రోజున మాత్రము బల్ల మీద కూర్చోవాలి.

వలెన్సియా తరువాత కథ సాఫీగా సాగలేదు. 2024 జనవరిలో రాంచీలో, సొంత ప్రజల ముందు, జపాన్ చేతిలో 0-1తో ఓడి మన జట్టు పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళలేకపోయింది. 2024-25 ప్రో లీగ్‌లో తొమ్మిది జట్లలో చివరిదై తిరిగి నేషన్స్ కప్‌కే దిగిపోయింది. ఎక్కిన మెట్టే జారింది.

2025లో చిలీ రాజధాని శాంటియాగోలో జరిగిన నేషన్స్ కప్‌ను న్యూజిలాండ్ స్త్రీలు గెలిచారు. కాని ప్రో లీగ్ అంటే ఖండాలు దాటి తిరగాలి, ఖర్చు చాలా ఎక్కువ. ఆ ఖర్చు భరించలేమని న్యూజిలాండ్ వారు గెలిచిన చోటును వదులుకున్నారు. మైదానములో గెలిచిన దాన్ని లెక్కల పుస్తకము దగ్గర పోగొట్టుకోవడము ఆ ఆటగత్తెలకు ఎంత కష్టమనిపించి ఉంటుందో! ఆ చోటు ఐర్లాండ్‌కు దక్కింది. 2022లో వలెన్సియాలో ఒక్క షూటౌట్ గోలు తేడాతో మన చేతిలో ఓడి వెనుదిరిగిన ఐర్లాండే అది.

ఇదంతా ఆ తల్లికి వివరముగా చెప్పలేదు, అంత సమయము లేదు. శిక్షణకు వెళ్ళే బస్సు తెల్లవారి అయిదింటికి బయలుదేరుతుందట, దారిలో మా వీధి మలుపు దగ్గర ఆపుతారా అని కనుక్కోమన్నది. కనుక్కున్నాను, ఆపుతారు.