కన్ను, నవ్వు, నడక: పిల్లల మెదడు కాండంలో కణితిని పట్టిచ్చే గుర్తులు

మెదడు అడుగున, వెన్నుపాముకు సరిగ్గా పైన, పెద్దవాళ్ల బొటనవేలి మందాన ఉండే భాగం మెదడు కాండం. డాక్టర్ల నోట వినపడే మాట బ్రెయిన్‌స్టెమ్. ఇందులో పైభాగం మిడ్‌బ్రెయిన్, నడుమ ఉబ్బెత్తుగా కనిపించేది పాన్స్, కింద వెన్నుపాములో కలిసేది మెడల్లా. ఊపిరి, గుండె వేగం, మింగడం, దగ్గు, మెలకువ ఇక్కడి నాడీకణాల అదుపులో ఉంటాయి. తలలో పుట్టే పన్నెండు జతల నాడుల్లో పది జతలు ఈ కాండం నుంచే బయల్దేరి కంటికి, ముఖానికి, చెవికి, గొంతుకు, నాలుకకు వెళ్తాయి. కాళ్లూ చేతులూ కదలమని పెద్దమెదడు పంపే సంకేతాలన్నీ ఈ ఇరుకు దారిలోంచే కిందికి దిగాలి. అంత చిన్న చోట అన్ని పనులు కిక్కిరిసి ఉండటం వల్లే, ఇక్కడ కణితి పెరిగితే ఒకదానితో ఒకటి పొంతన లేనట్టుండే లక్షణాలు వరసగా బయటపడతాయి. కన్ను ఒక డాక్టరుకు, వాంతులు మరో డాక్టరుకు, తూలిపడటం ఇంకొకరికి చూపించి, మూడింటికీ మూడు కారణాలు విని ఇంటికి వచ్చే కుటుంబాలు తక్కువేమీ కాదు. ఆ మూడింటినీ ముందుగా కలిపి చూడగలిగేది పిల్లలను రోజూ కనిపెట్టుకుని ఉండే తల్లో, బామ్మో, క్లాసు టీచరో.

పిల్లలకు వచ్చే మెదడు కణితుల్లో నూటికి 10 నుంచి 20 వరకు కాండంలో పుడతాయి. ఎక్కువగా 5 నుంచి 10 ఏళ్ల మధ్య బయటపడతాయి. వీటిలో నాలుగింట మూడు వంతులకు పైగా పాన్స్ కణజాలం అంతటా పాకిపోయే రకం. దాని పూర్తి పేరు డిఫ్యూజ్ ఇంట్రిన్సిక్ పాంటైన్ గ్లయోమా, పొట్టిగా డీఐపీజీ. మిగిలినవి చాలావరకు ఒక్కచోటే ఉండి నెమ్మదిగా పెరిగేవి. రెండింటికీ లక్షణాలు కొంత ఒకటే అయినా, అవి ముదిరే వేగం వేరు, పర్యవసానం కూడా వేరు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి తిన్నది గానీ, పిల్లవాడికి ఎప్పుడో తగిలిన దెబ్బ గానీ ఈ కణితికి కారణమని తేలలేదు. ఇది అంటుకునేది కాదు. అత్యధికుల్లో వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. అపరాధభావంతో నలిగిపోయే తల్లిదండ్రులకు ఈ మాట మొదట్లోనే చెప్పాలి.

పాన్స్‌లో కణితి ఉన్నప్పుడు ఎక్కువమందిలో మొదట తేడా కనిపించేది కంట్లో. కనుగుడ్డును చెవి వైపు తిప్పే ఆరో నాడి పాన్స్‌లోనే మొదలవుతుంది. అది నలిగితే కన్ను ముక్కు వైపు లాగేసినట్టు నిలుస్తుంది, బయటి వైపు తిరగదు. అప్పటిదాకా సరిగ్గా ఉన్న కన్ను కొద్ది రోజుల్లో మెల్లకన్నుగా మారుతుంది. ఇలాంటి మెల్ల దూరం చూసేటప్పుడు ఎక్కువవుతుంది గనుక బోర్డు మీది అక్షరాలు రెండేసిగా కనిపిస్తాయి, చేతిలోని పుస్తకం మాత్రం మామూలుగానే ఉంటుంది. అందుకే పిల్లవాడు బోర్డు చూసి రాయడంలో వెనకబడతాడు, ఇంట్లో మాత్రం చక్కగా చదువుతున్నట్టే ఉంటాడు. బొమ్మ రెండుగా కనపడకుండా ఉండటానికి పిల్లలు తమకు తెలియకుండానే ఉపాయాలు వెతుక్కుంటారు. కుడి కన్ను దెబ్బతింటే ముఖాన్ని కుడివైపు తిప్పి చూస్తారు. టీవీ ముందు ఒక కన్ను చేత్తో మూసుకుంటారు. బాగా చిన్నపిల్లల్లో ఆ రెండో బొమ్మను మెదడే పట్టించుకోవడం మానేస్తుంది, కాబట్టి వాళ్లు ఏ ఫిర్యాదూ చేయరు. మెల్లకన్ను అదృష్టమన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా ఉంది. పుట్టిన కొద్ది నెలల నుంచి ఉన్న మెల్లకు కారణాలు వేరు. మూడేళ్ల తర్వాత హఠాత్తుగా వచ్చిన మెల్లను మాత్రం అదృష్టమనో, కళ్లజోడుతో పోతుందనో వదిలేయకూడదు. అది నాడికి సంబంధించిన లక్షణం కావచ్చు. పాత ఫొటోలు ఇక్కడ బాగా పనికొస్తాయి. పుట్టినరోజు నాటి ఫొటోలో కళ్లు సమంగా ఉండి, రెండు నెలల తర్వాతి పెళ్లి ఫొటోలో తల ఒక పక్కకు తిరిగి ఉంటే, తేడా ఎప్పుడు మొదలైందో డాక్టరుకు అక్కడే తెలిసిపోతుంది. కనుగుడ్డు నిలకడగా ఉండక అటూ ఇటూ అదురుతున్నా, ఒక రెప్ప వాలిపోయినా ఇదే కోవలోకి వస్తుంది.

ముఖాన్ని కదిలించే ఏడో నాడి ఆరో నాడికి పక్కనే ఉంటుంది. అది దెబ్బతింటే నవ్వినప్పుడు మూతి ఒక వైపుకే పోతుంది, ఏడ్చినప్పుడు వంకర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నిద్రలో ఒక కన్ను సగం తెరిచే ఉంటుంది. పుక్కిట పట్టిన నీళ్లు ఒక వైపు నుంచి కారిపోతాయి. మూతి వంకర పోయిన పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది బెల్స్ పాల్సీ, అది కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. కానీ మూతి వంకరతో పాటు మెల్ల, లేదా నడకలో తేడా ఉంటే అది బెల్స్ పాల్సీ కాకపోవచ్చు. బెల్స్ పాల్సీకి స్టెరాయిడ్ మందు ఇవ్వడం ఉంది. అదే మందు కణితి చుట్టూ ఉన్న వాపును కూడా కొద్దికాలం తగ్గిస్తుంది. మందుతో కాస్త మెరుగుపడి, ఆపగానే మళ్లీ మొదలైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

కణితి కిందివైపు, మెడల్లాలో ఉంటే గుర్తులు గొంతులో కనిపిస్తాయి. నీళ్లు తాగుతుంటే పొలమారుతుంది, తాగినవి ముక్కులోంచి వస్తాయి. మాట ముక్కుతో మాట్లాడినట్టు మారుతుంది, గొంతు బొంగురుపోతుంది, చొల్లు కారే వయసు దాటిన పిల్లలకు చొల్లు కారుతుంది. పైకి తెలియకుండా ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా పదేపదే వస్తుంది. ఆగని వెక్కిళ్లు, కొత్తగా మొదలైన గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, మెడ ఒక పక్కకు బిగుసుకుపోవడం కూడా ఈ భాగపు లక్షణాలే. వాంతిని పుట్టించే కేంద్రం మెడల్లాలోనే ఉండటంతో తలనొప్పి లేకుండా వాంతులొక్కటే నెలల తరబడి ఉండొచ్చు. బరువు తగ్గుతూ, గ్యాస్ట్రిక్ మందులు వాడుతూ తిరిగే పిల్లలు అందువల్లే కనిపిస్తారు.

నడకలో తేడా నెమ్మదిగా మొదలవుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి నడవడం, మెట్లు దిగేటప్పుడు కొత్తగా గోడ పట్టుకోవడం, సైకిల్ తొక్కడం వచ్చినవాడు పడిపోతుండటం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిరాత చెడిపోవడం చూసి ఇంట్లోవాళ్లు నిర్లక్ష్యం అనుకుంటారు, బళ్లో దండిస్తారు. ఒక చెయ్యి, ఒక కాలు బలహీనపడటం కూడా ఉంటుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. పెద్దమెదడు నుంచి దిగే నాడీ దారులు మెడల్లా అడుగున ఎదుటి వైపుకు దాటతాయి. ముఖానికి వెళ్లే నాడి మాత్రం పాన్స్ నుంచి అదే వైపున బయటికి పోతుంది. కాబట్టి పాన్స్ ఎడమభాగంలో కణితి ఉంటే ముఖం ఎడమవైపు వాలుతుంది, చెయ్యీ కాలూ కుడివైపు పట్టు తప్పుతాయి. ముఖానికీ కాళ్లూచేతులకూ ఇలా వైపులు మారి కనిపిస్తే లోపం కాండంలోనే ఉందని నాడీ వైద్యులు స్కాన్ చూడకముందే అనుమానిస్తారు.

ప్రవర్తనలో మార్పును లక్షణాల పట్టికలో ఎవరూ వెంటనే చేర్చరు. చలాకీగా ఉండే పిల్ల చిరాకు పడటం, అకారణంగా ఏడవడం, రాత్రిపూట భయపడి లేవడం, సందర్భం లేకుండా ఆపుకోలేని నవ్వు, చదువులో వెనకబడటం కొందరిలో మెల్లకన్ను కంటే ముందే వస్తాయి. దిష్టి తగిలిందనో గాలి సోకిందనో తాయెత్తు కట్టించడం ఊళ్లలో ఇప్పటికీ మామూలే. కట్టిస్తే కట్టించవచ్చు గానీ ఆస్పత్రికి వెళ్లడం మాత్రం ఆగకూడదు. ఫిట్స్ వీళ్లలో అరుదు, ఎందుకంటే ఫిట్స్ పుట్టేది పెద్దమెదడు పైపొరలో. ఫిట్స్ లేవు కదా, మెదడు జబ్బు కాదులే అన్న ధీమా అందుకే పనికిరాదు.

తలనొప్పిది వేరే కథ. మెదడులో ఊరే నీరు మిడ్‌బ్రెయిన్ వెనకభాగంలో ఉండే సన్నని కాలువ గుండా కిందికి దిగాలి. అక్కడ చిన్న కణితి పుట్టినా దారి మూసుకుపోయి నీరు పైన నిలుస్తుంది. దీన్ని హైడ్రోకెఫాలస్ అంటారు. పొద్దున్నే లేవగానే తలనొప్పి, వెంటనే వాంతి, వాంతయ్యాక కాస్త తెరిపి, తర్వాత మగత దీని తీరు. మైగ్రేన్ ఉన్న పిల్లలకు నొప్పి వచ్చి పోయే మధ్యకాలంలో ఏ బాధా ఉండదు, ఇక్కడ మాత్రం వారం వారానికీ ఎక్కువవుతూ పోతుంది. పసిపిల్లల్లో పుర్రె ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు గనుక తల చుట్టుకొలత మామూలు కంటే వేగంగా పెరుగుతుంది, మాడు ఉబ్బి గట్టిగా తగులుతుంది, కనుగుడ్లు కిందికి వాలినట్టు ఉంటాయి.

ఈ లక్షణాలు ఏవి అన్నదానికంటే ఎంత త్వరగా ఒకదానికొకటి జతకూడాయి అన్నది ఎక్కువ చెబుతుంది. డీఐపీజీలో మొదటి గుర్తు నుంచి రోగనిర్ధారణ దాకా సాధారణంగా మూడు నెలలు కూడా పట్టదు, చాలామందిలో కొన్ని వారాలే. నెమ్మదిగా పెరిగే కణితి ఏడాదికి పైగా ఏదో ఒక చిన్న ఇబ్బందిగానే ఉండిపోవచ్చు. చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కారెన్ కథ మొదటి రకానిది. 1961 వేసవిలో, రెండేళ్ల వయసులో ఆ పాప ఆడుకుంటూ పడి తలకు దెబ్బ తగిలించుకుంది. ఆ తర్వాత కళ్లకు మెల్ల రావడం తల్లిదండ్రులు గమనించారు. దెబ్బ వల్లే అనుకున్నారు. కొద్ది వారాల్లో నిలబడటం కూడా కష్టమైంది, పరీక్షల్లో పాన్స్‌లో కణితి తేలింది. రేడియేషన్ ఇచ్చాక పాప మళ్లీ నడవగలిగింది. కానీ ఆ మెరుగు కొన్ని నెలలే. 1962 జనవరి 28న, మూడో పుట్టినరోజు రాకముందే కన్నుమూసింది. పడ్డ తర్వాత బయటపడిన లక్షణాలకు పడటమే కారణమనుకోవడం నేటికీ జరుగుతోంది. చాలాసార్లు తూలు ముందే మొదలై ఉంటుంది, పడటం దాని ఫలితం.

ఇంత చెప్పాక ఒక మాట స్పష్టం చేయాలి. తలనొప్పి, వాంతి, మెల్ల, మూతి వంకర విడివిడిగా చూస్తే వేలమంది పిల్లల్లో కనిపించేవే, వాళ్లలో అత్యధికులకు కణితి ఉండదు. అనుమానించాల్సింది రెండు సందర్భాల్లో. కన్ను, ముఖం, మింగడం, నడక అనే నాలుగింటిలో ఏ రెండైనా కలిసి వస్తే. ఒక్కటే అయినా తగ్గకుండా రోజురోజుకూ ముదురుతుంటే. అప్పుడు ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు, ఆయన ద్వారా పిల్లల నాడీ వైద్యుడికి చూపించాలి. నడకను, నవ్వును, నీళ్లు తాగే తీరును ఫోనులో వీడియో తీసి, ఏది ఎప్పుడు మొదలైందో తేదీలతో రాసి తీసుకెళ్తే డాక్టరు పని సులువవుతుంది. మగత ఎక్కువై పిలిస్తే పలకకపోవడం, ఊపిరి తీరు మారడం, పొలమారి నీలంగా మారడం, కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా కనిపించడం అత్యవసర పరిస్థితి. 108కి ఫోన్ చేసి, నాడీ శస్త్రచికిత్స ఉన్న ఆస్పత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లాలి.

నిర్ధారణకు కావలసింది ఎంఆర్ఐ. సీటీ స్కాన్ చౌక, త్వరగా అవుతుంది, నీరు నిలిచిందా లేదా చెబుతుంది. కానీ కాండం చుట్టూ మందపాటి ఎముకలుండటంతో ఆ నీడల్లో చిన్న కణితి తప్పిపోవచ్చు. సీటీ బాగానే ఉందన్న రిపోర్టు వచ్చినా లక్షణాలు ముదురుతుంటే ఎంఆర్ఐ అడగడంలో తప్పులేదు. చిన్నపిల్లలు కదలకుండా ఉండటానికి మత్తు ఇచ్చి తీస్తారు. కాండంలో మచ్చ కనిపించినంత మాత్రాన అది కణితే కానక్కర్లేదు. క్షయ గడ్డలు మన దేశంలో అరుదు కాదు, అవి మందులతో తగ్గుతాయి. వైరల్ జ్వరం తర్వాత వచ్చే నాడీ వాపు కూడా స్కాన్‌లో ఇలాగే మోసం చేస్తుంది. ఒంటి మీద ఆరు, అంతకు మించి కాఫీ రంగు మచ్చలున్న పిల్లలకు న్యూరోఫైబ్రోమటోసిస్ ఉండొచ్చు. వాళ్లలో కాండపు కణితి వచ్చినా ఎక్కువగా నెమ్మదిగా ఉంటుంది, కొందరికి స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటే చాలు.

త్వరగా గుర్తిస్తే ఒరిగేదేమిటన్నది కణితి రకం మీద ఆధారపడి ఉంటుంది. నీటి దారి మూసేసే మిడ్‌బ్రెయిన్ కణితుల్లో, చూపు దెబ్బతినకముందే ఎండోస్కోపీతో నీటికి కొత్త దారి చేస్తే చాలామంది పిల్లలు ఏళ్ల తరబడి మరో చికిత్స అక్కర్లేకుండా బడికి వెళ్తారు. ఒకచోట గడ్డగా ఉన్నవాటిని, అనువైన చోట ఉంటే, శస్త్రచికిత్సతో చాలావరకు తీయగలుగుతున్నారు. కొన్నింటికి జన్యు మార్పును బట్టి పనిచేసే మాత్రలు వచ్చాయి. డీఐపీజీని కోసి తీయడం సాధ్యం కాదు, కణితి కణాలు మంచి కణాల మధ్యే అల్లుకుని ఉంటాయి. 54 గ్రే మోతాదు రేడియేషన్‌ను 30 విడతలుగా, ఆరు వారాల్లో ఇవ్వడం ప్రధాన చికిత్స. ఎక్కువమంది పిల్లల్లో నడక, మింగడం మెరుగవుతాయి, ఆ మెరుగు కొన్ని నెలలు నిలుస్తుంది. సగటు జీవితకాలం నిర్ధారణ నుంచి ఏడాది లోపే. ఈ కణితుల్లో ఎక్కువవాటిలో హిస్టోన్ జన్యువులో ఒకే మార్పు ఉందని 2012లో తెలిశాక పరిశోధన కొత్త మలుపు తిరిగింది. ఆ మార్పు ఉన్న కణితి చికిత్స తర్వాత మళ్లీ పెరిగినప్పుడు వాడటానికి డోర్డావిప్రోన్ అనే మందును 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ వేగవంతపు పద్ధతిలో ఆమోదించింది.

డీఐపీజీని త్వరగా గుర్తించడం ఆయుష్షును పెద్దగా పెంచకపోయినా, అనవసరపు పరీక్షలూ మందులూ తిరుగుళ్లూ తప్పుతాయి. పిల్లవాడు ఇంకా నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నప్పుడే రేడియేషన్ మొదలవుతుంది. మింగడం కష్టమయ్యే ముందే గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం గురించి నిర్ణయించుకోవచ్చు. చికిత్స తర్వాత కూడా కుటుంబం కనిపెట్టాల్సింది అవే గుర్తులను. కన్ను మళ్లీ లోపలికి తిరిగినా, నడక తూలినా వాయిదా తేదీ కోసం ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. నొప్పినీ వాంతులనూ అదుపు చేసి, ఇంట్లోవాళ్లకు తోడుగా నిలిచే ఉపశమన వైద్యాన్ని ఆశ వదులుకున్నాక వెళ్లేదిగా చూడకూడదు. నిర్ధారణ అయిన వారంలోనే దాన్ని మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లల కోసం ఈ విభాగం పనిచేస్తోంది.