కారు రంగు పెచ్చూడితే ఇంటనే చేసుకొను చికిత్స

కారు ఒంటిమీద కందిగింజంత రంగు ఊడిపోయినదని ఎవరైనా దిగులుపడితే నవ్వేవారే ఎక్కువ. ఇంజను బాగున్నది, చక్రాలు తిరుగుతున్నవి, ఇంకేమి కావలెనని వారి ప్రశ్న. కాని అహేరి, ఆలాపల్లి, సిరోంచ ప్రాంతాలలో తరతరాలుగా కాపురమున్న మన కుటుంబాలకు ఈ సంగతి అంత తేలికగా కొట్టివేయదగినది కాదు. మన ఇళ్లలో చాలవరకు కారనేది ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతోనో, బ్యాంకు అప్పుతోనో ఒక్కసారి కొనుక్కొనే వస్తువు. అది పది పన్నెండేళ్లయినా నిలవవలెను. అర్ధరాత్రి కోడలికి నొప్పులు వచ్చినా, తాతగారికి ఆయాసము వచ్చినా చంద్రపురమో మంచిర్యాలో చేర్చవలసినది అదే గదా! అట్టి బండిని లోలోపల తినివేసే శత్రువు ఆ కందిగింజంత మచ్చలోనే కాపురము పెడుతుంది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2016లో సిరోంచ, కాళేశ్వరముల నడుమ గోదావరిపై వంతెన తెరచిన తర్వాత అవతలి ఒడ్డు చుట్టాల ఇళ్లకు కార్ల రాకపోకలు పెరిగినవి. మరొకవైపు ఏటపల్లి తాలూకాలోని సూర్జాగఢ్ కొండల ఇనుపరాయిని మోసే లారీలు ఆలాపల్లి, ఆష్టి మీదుగా సాగుతున్నవి. ముందుపోయే లారీ చక్రము ఎగజిమ్మిన కంకర మన బానెట్ అంచుకు, ముందు అద్దము పైనున్న కప్పు అంచుకు, తలుపుల అడుగు భాగాలకు తగులుతుంది. అక్కడే రంగు పెచ్చులూడుతుంది. మొదటి మందు దూరమే. లారీ వెనుక అంటిపెట్టుకొని పోకుండా నాలుగైదు బండ్ల ఎడమిస్తే సగము దెబ్బలు తప్పుతవి.

ఇందులో ఒక వింత ఉన్నది. ఆ లారీలో పోయేది ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఏర్పడిన రాయి. మన కారు రేకుకు పట్టే తుప్పు కూడ అదే కుటుంబానికి చెందినది, కాకుంటే దానిలో నీరు కూడ చేరి ఉంటుంది. కొలిమిలో ఎంతో శ్రమపడి రాయినుండి వేరుచేసిన ఇనుము, సందు దొరికితే చాలు, మరల తన పుట్టింటికి పోవాలని చూస్తుంది. దానిని ఆపేది పైనున్న రంగు పొర ఒక్కటే. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి పక్కనున్న మంచి రంగును కూడ కిందినుండి పైకి లేపి, బుడగలు కట్టించి, చెదపురుగువలె ముందుకు పాకుతుంది. మన మరాఠీ మేస్త్రీలు దీనిని ‘గంజ్’ అంటారు. ‘బండికి గంజ్ పట్టింది’ అంటే బియ్యము కడిగి వార్చిన గంజి ఎవరు పోశారని మన అవ్వలు అడుగుట కద్దు!

కారు రంగు ఒక్క పూత కాదు. కొండపల్లి బొమ్మల పని చూచినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. అక్కడ తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్దపూసి, ఆపైన రంగు వేస్తారు. కారు రేకుకూ అంతే. ముందు విద్యుత్తు సాయముతో పట్టించే తుప్పునిరోధక పూత, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన అద్దమువంటి క్లియర్ కోటు. ఇన్ని పొరలు కలిపినా మందము మిల్లీమీటరులో పదవవంతు, లేదా దానికి కొంచెము పైన. కార్ఖానాలో ఈ పూతలను పెద్ద బట్టీలలో కాలుస్తారు. ఇంటివద్ద ఆ వేడి మనకు లేదు. కనుక వేడి చేయవలసిన పనిని ఓపిక చేయవలెను. ఈ ఒక్క మాట గుర్తుంటే సగము పని నేర్చినట్లే.

ముందుగా గోటితో పరీక్షించండి. గోరు ఎక్కడా తట్టుకోకుంటే అది పైపొర గీత మాత్రమే. రబ్బింగ్ కాంపౌండు మెత్తని గుడ్డతో రుద్దితే పోతుంది. గోరు తట్టుకొని, లోపల బూడిదరంగో తెలుపో కనబడితే ప్రైమర్ వరకు ఊడినదన్నమాట. మెరిసే రేకుగాని, గోధుమరంగు తుప్పుగాని కనబడితే ఆలస్యము చేయరాదు. ముందు బంపరు ప్లాస్టిక్కు గనుక దానికి తుప్పు భయము లేదు, అందము కొరకే బాగుచేయుట. మచ్చ మినపగింజంత వరకు మన పని. అర్ధరూపాయి బిళ్లను మించినా, రేకు సొట్టపడినా, బుడగలు కట్టినా అది టింకరింగ్ షాపు పని.

రంగు కొనునప్పుడు కంటి అంచనా పనికిరాదు. తెలుపులోనే ఎన్నో తెలుపులున్నవి. బానెట్ కిందనో, తలుపు పక్క స్తంభముమీదనో ఉన్న రేకుబిళ్లపై రంగు సంకేతము అచ్చువేసి ఉంటుంది. దానిని వ్రాసుకొనిపోయి ఆ సంకేతముగల టచప్ సీసా అడగండి. సాదా రంగులు సులభముగా కలిసిపోతవి. వెండిరంగులో లోహపు రజను ఉన్నందున కొద్ది తేడా తప్పదు.

ఇక పని. బండిని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మచ్చ చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో జిడ్డు తీయవలెను. తుప్పు ఉంటే వాటర్ పేపరు చిన్న ముక్కను పుల్ల కొనకు అతికి, మచ్చలోపల మాత్రమే గీకి మెరిసే రేకు తేల్చండి. గిన్నెలు తోమే ఇనుప పీచు వాడరాదు. దాని తునకలు అక్కడే చిక్కి, అవే తుప్పు పడుతవి. తర్వాత పళ్లపుల్ల కొనతో ప్రైమరు చుక్క ముట్టించి, సీసాపై చెప్పినంత కాలము ఆరనివ్వవలెను. ఆపైన రంగు. ఒక్కసారే నింపాలని తొందరపడితే పైన తోలుకట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పలుచని చుక్కలు రెండు మూడు, ఒక్కొక్కటి ఆరిన తర్వాతనే మరొకటి వేయవలెను. చివరకు క్లియర్ కోటు, చుట్టూగల పొరకంటె వెంట్రుకవాసి ఎత్తుగా. వారము పది దినములు తాకవద్దు. అప్పుడు 2000 నంబరు వాటర్ పేపరును సబ్బునీటిలో నానబెట్టి, ఎత్తుగానున్న చుక్కను మాత్రమే తేలికగా అరగదీసి, పాలిష్ పెట్టండి. మూడడుగుల దూరమునుండి కనబడకుంటే పని నెగ్గినట్లే.

కాలము కూడ చూడవలెను. మే నెల ఎండలో రేకు పెనమువలె కాలుతుంది, చుక్క పడగానే ముడుచుకుంటుంది. వానకాలములో తిన్నరు ఆవిరైపోతూ ఆ చోటును చల్లబరచగా, గాలిలోని తేమ చేరి రంగు పాలిపోతుంది. దీపావళి దాటినది మొదలు మాఘమాసము వరకు, మంచు విడిచిన తర్వాత నీడపట్టున పని చేయుట శ్రేష్ఠము. మరి జూలైలో రాయి తగిలితే? శుభ్రముగా తుడిచి ఆరబెట్టి, తాత్కాలికముగా రంగులేని గోళ్లరంగు ఒక చుక్క ముట్టించవచ్చును. ఇది హాస్యము కాదు. 1920లలో అమెరికాలో కార్లకు వేయసాగిన డ్యూకో రంగుకు, ఆడపిల్లల గోళ్లరంగుకు మూలద్రవ్యము నైట్రోసెల్యులోజే. వాన వెలిసిన తర్వాత దానిని తీసివేసి అసలు చికిత్స చేయవలెను.

తిన్నరు ఆవిరి తలకెక్కుతుంది, నిప్పుకు అంటుకొంటుంది. పొయ్యికి, దీపానికి, పసిపిల్లలకు దూరముగా, గాలివాటమున్న చోటనే మూత తీయండి. మిగిలినది తాగునీటి సీసాలో పోసి అటకమీద పెట్టే అలవాటు ప్రాణాంతకము.

ఇంత చిన్న పనికి బీమా అడుగవచ్చును గదా అనేవారున్నారు. క్లెయిము లేకుండా గడిచిన మొదటి ఏటికి సొంత నష్టపు ప్రీమియములో 20 శాతము, వరుసగా ఐదేండ్లకు 50 శాతము తగ్గింపు లభిస్తుంది. గింజంత మచ్చకు ఆ తగ్గింపు పోగొట్టుకొనుట గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుటే.

దసరానాడు ఆయుధపూజలో బండికి పసుపు కుంకుమలు పెట్టుకొంటాము. మరునాడు వాటిని మెత్తని తడిగుడ్డతో తీసివేసేటప్పుడు ఇంటిల్లిపాది ఒకమారు బండిచుట్టూ తిరిగి, ఎక్కడ రంగు రాలినదో పిల్లలచేత వెదికించండి. వారి కళ్లు చురుకైనవి. దొరికిన మచ్చలకు కార్తీకములో మందు వేస్తే, వచ్చే ఏటి వానలకు మీ బండి నిశ్చింతగా తడుస్తుంది.