విరాటరాజు దిబ్బలో దొరికిన బుద్ధుడు

ఖమ్మానికి 21 కిలోమీటర్ల దూరంలోని నేలకొండపల్లిలో, చుట్టూ మట్టికోట గోడ ఉన్న పాత ఆవరణ ఒకటి ఉంది. విస్తీర్ణం దాదాపు వంద ఎకరాలు. ఊరివాళ్లకు అది విరాటరాజు దిబ్బ. పాండవులు అజ్ఞాతవాసం చేసింది ఇక్కడేననీ, భీముడు కీచకుణ్ణి చంపింది ఈ నేలమీదేననీ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పురావస్తు శాఖ తవ్విస్తే బయటపడింది మాత్రం బౌద్ధం: విహారాల పునాదులు, బావులు, నీటి తొట్లు, మట్టిబొమ్మలు, కంచు బుద్ధ విగ్రహం, సున్నపురాయిలో చెక్కిన చిన్న స్తూపం, వీటికి తోడు ఇటుకల మహాస్తూపం. ఇవి క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటివి. విరాటుడి కొలువు ఆనవాలు ఏదీ దొరకలేదు.

రామాయణ, మహాభారతాలు చరిత్రకు సాక్ష్యాలా అన్న వాదన ఎప్పుడు లేచినా రెండు గొంతులే గట్టిగా వినిపిస్తాయి. అంతా జరిగిందే అని ఒకరు, అంతా కట్టుకథే అని మరొకరు. కావ్యాన్ని సాక్షిగా పిలిచేముందు దేనికి సాక్షి అని అడిగితే ఈ వాదన చాలావరకు తేటపడుతుంది. విరాటుడు ఇక్కడ ఏలాడనడానికి దిబ్బ పేరు సాక్ష్యం కాదు. ఒకప్పుడు భిక్షువులు తిరిగిన ఊళ్లో బౌద్ధం జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోయిందనీ, పాడుబడిన గోడలు ఎవరివో చెప్పడానికి జనానికి భారతకథే మిగిలిందనీ చెప్పడానికి మాత్రం అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. పండితులు విరాటుడు ఏలిన మత్స్యదేశపు రాజధానిగా భావించే రాజస్థాన్‌లోని బైరాట్‌లోనూ బయటపడిన ముఖ్యమైన అవశేషాలు అశోకుడి శాసనం, గుండ్రటి బౌద్ధ చైత్యమే.

భద్రాచలం అడవి అంచున కథ రామాయణానికి మారుతుంది. దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల దగ్గర వాగు ఒడ్డున, రాతిమీద పొడుగ్గా సాగిన చారలను చూపి సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. అక్కడి రంగురాళ్లు ఆమె పసుపు కుంకుమలు. జటాయువు పడిన చోటు ఎటపాక అంటారు. వనవాసంలో రాముడు ఉన్న పంచవటి ఇదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. పక్కనే పారే గోదావరికి ఎగువన, మహారాష్ట్రలోని నాసిక్ కూడా పంచవటి తనదేనంటుంది. పంచవటి గోదావరికి దగ్గర, అగస్త్యాశ్రమానికి మరీ దూరం కాదు అని వాల్మీకి రామాయణం చెబుతుంది. 1,465 కిలోమీటర్ల నదిమీద ఫలానా చోటని వేలుపెట్టి చూపడానికి ఆ మాట చాలదు. రెండు ఊళ్ల నమ్మకమూ నిజమైనదే. తీర్పు చెప్పే శక్తి మాత్రం కావ్యానికి లేదు.

కావ్యానికి ఒకే తేదీ వేయడమూ కుదరదు. పుణెలోని భండార్కర్ సంస్థ 1919 నుంచి 1966 వరకు శ్రమించి భారతానికి, బరోడా ప్రాచ్య విద్యా సంస్థ 1960–75 మధ్య రామాయణానికి పరిష్కృత ప్రతులు తెచ్చాయి. రాతప్రతులను పక్కపక్కన పెట్టి చూస్తే, శతాబ్దాల పొడవునా కొత్త భాగాలు చేరుతూ వచ్చిన తీరు కనిపిస్తుంది. తవ్వకాల సాక్ష్యానికీ హద్దు ఉంది. హస్తినాపురంలో 1950–52లో బి.బి. లాల్ తవ్వకాల్లో వరద పొర దొరికింది. గంగ ఊరిని ముంచిందన్న పురాణ వాక్యానికి ఆయన దాన్ని ముడిపెట్టారు. వరద వచ్చిందని ఆ పొర రుజువు చేస్తుంది, కురువంశం ఉందని కాదు.

ఈ కథలు ఎప్పటికే జనంలో ఉన్నాయో చెప్పే గట్టి ఆధారం శాసనంలో ఉంది. నాసిక్ గుహలో గౌతమీ బలశ్రీ క్రీ.శ. 2వ శతాబ్దంలో వేయించిన శాసనం ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని రాముడు, కేశవుడు, అర్జునుడు, భీమసేనుడితో పోల్చింది. అక్కడి రాముడు దశరథుడి కొడుకా, బలరాముడా అన్న చర్చ ఉంది. ఆ గుహ దానం బౌద్ధ భిక్షువులకు! ఆ వీరులు బతికారో లేదో శాసనం చెప్పదు. గోదావరి లోయలో అప్పటికే రాజు గొప్పను వాళ్లతోనే కొలిచేవారని చెబుతుంది. ఆ కథలు అడవిలోకీ వెళ్లాయి: కోయలు తమను భీముడి సంతతిగా చెప్పుకుంటారని దుమ్ముగూడెంలోని మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లో రాశాడు.

జ్ఞాపకంలో చరిత్ర, భక్తి ఎలా పెనవేసుకుంటాయో తెలియాలంటే మళ్లీ నేలకొండపల్లికే రావాలి. అది రామకీర్తనలు రాసిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. 1672–1687 మధ్య గోల్కొండను ఏలిన తానీషా, మంత్రులు అక్కన్న మాదన్నలు చరిత్రకెక్కినవారు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా గోపన్న భద్రాచలం గుడి కట్టించి, గుడికి వాడిన సర్కారు సొమ్ము విషయంలో చెరసాల పాలయ్యాడు. రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారన్నది భక్తుల విశ్వాసం. చరిత్రకారుడు దాన్ని నిరూపించలేడు. దేవుడికి చేయించిన నగల ఖర్చును గోపన్న వరసగా ఏకరువు పెట్టిన కీర్తన మాత్రం, గోల్కొండ కొలువులో లెక్కలు రాసిన మనిషి తన మాటల్లోనే ఇచ్చిన వాంగ్మూలం.