ఎర్రనివన్నీ ఒకటి కావు

వాగు దాటాలన్నా, ఇసుకలోంచి బయటపడాలన్నా భారం పడేది గేర్‌బాక్స్ మీదే. అందులో పోసే ద్రవాన్ని మాత్రం చాలామంది రంగు చూసి ఎంచుకుంటున్నారు

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకు పేరు. తాపీ నది ఒడ్డునే ఉండడంతో వరద భయమూ ఎక్కువే. పక్కనే సింగణ్‌పోర్ వద్ద నదిపై ఉన్న కాజ్‌వే అవతలి ఒడ్డున ఉన్న రాందేర్‌కు దగ్గరి దారి. వానాకాలంలో నీటిమట్టం 6 మీటర్లు దాటితే దాన్ని మూసేస్తారు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదలడంతో నగరంలో అధికభాగం మునిగిపోయింది. నీటి బెడద అలా ఉంటే, సముద్రం వైపు వెళితే డుమాస్ తీరంలో ఇసుక బెడద. వాహనాలపై నిషేధం ఉన్నా ఖరీదైన ఎస్‌యూవీలు అక్కడ కూరుకుపోవడం మామూలే.

ఇలాంటి చోట నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిపై మోజు ఉండడం సహజం. 2020లో వచ్చిన కొత్త మహీంద్రా థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడవగలదని కంపెనీ ప్రకటించింది. షోరూమ్‌లో కొనుగోలుదారులు అడిగేది ఇలాంటి అంకెల గురించే. గేర్‌బాక్స్‌లో ఏ ద్రవం పోయాలన్న ప్రశ్న వారంటీ అయిపోయాక, బండి బయటి మెకానిక్ చేతికి వచ్చాకగానీ తలెత్తదు. అప్పుడు దొరికే జవాబు తరచూ ఒక్కటే: 'ఎర్ర ఆయిల్ పోస్తే చాలు.'

చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఎరుపు కేవలం కలిపిన రంగు. ఇంజిన్ ఆయిల్ కారుతోందా, గేర్‌బాక్స్ ద్రవం కారుతోందా అన్నది ఇట్టే తెలియడానికి అది పనికొస్తుంది. లోపలి రసాయనాల గురించి అదేమీ చెప్పదు. కొన్ని జర్మన్ గేర్‌బాక్సుల ద్రవాలు ఆకుపచ్చగా, నీలంగా కూడా ఉంటాయి.

ఈ అలవాటు వెనుక చరిత్ర ఉంది. మహీంద్రా 1947లో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టిన నాటి నుంచి చాలాకాలం మన దారుల్లో తిరిగిన జీపులు మాన్యువల్ గేర్లవే. గేర్‌బాక్స్‌కు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు 90 నంబర్ గేర్ ఆయిల్ పోస్తే పని జరిగిపోయేది. ఒక్క డబ్బాతో బండంతా నడిపిన ఆ అనుభవమే నేటికీ వర్క్‌షాపుల్లో చెలామణీ అవుతోంది. బండ్లు మాత్రం మారిపోయాయి.

నేటి 4x4లో కనీసం నాలుగు చోట్ల నూనె ఉంటుంది: గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్, వెనుక డిఫరెన్షియల్. ఒక్కోదానికి ఒక్కో అవసరం. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ పళ్లు ఒకదానిపై ఒకటి తీవ్రమైన ఒత్తిడితో జారుతాయి. ఆ ఒత్తిడిని తట్టుకునే గంధకం, భాస్వరం సమ్మేళనాలు దండిగా ఉన్న జీఎల్-5 రకం దానికి కావాలి. అదే నూనెను జీఎల్-4 కోరే మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. అక్కడి ఇత్తడి సింక్రో రింగులు ఘర్షణతోనే పనిచేస్తాయి. నూనె మరీ జారుడుగా ఉంటే గేరు మొరాయిస్తుంది. కొన్ని జీఎల్-5 నూనెల్లోని చురుకైన గంధకం ఇత్తడిని తినేస్తుంది కూడా. అంకె పెద్దదైతే నాణ్యత ఎక్కువన్న లెక్క ఇక్కడ చెల్లదు. ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి మరీ విచిత్రం. కొన్ని బండ్లు అక్కడ గేర్ ఆయిల్ అడుగుతాయి, మరికొన్ని ఆటోమేటిక్ ద్రవాన్నే కోరతాయి.

ఆటోమేటిక్‌లో ఈ ద్రవం నాలుగు చాకిరీలు చేస్తుంది. టార్క్ కన్వర్టర్ ద్వారా ఇంజిన్ శక్తిని గేర్లకు అందిస్తుంది. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను బిగిస్తుంది. గేర్లు, బేరింగులు అరిగిపోకుండా కాపాడుతుంది. వేడిని మోసుకుపోతుంది. క్లచ్ ఎంత మెత్తగా, ఎంత వేగంగా పట్టుకోవాలో నిర్ణయించేది అందులో స్వల్పంగా కలిపే పదార్థాలే. ఒకప్పుడు అమెరికాలో ఇందుకు స్పెర్మ్ తిమింగలాల నూనె వాడేవారు. 1970ల తొలినాళ్లలో నిషేధం రావడంతో కంపెనీలు ద్రవాల కూర్పునే మార్చుకోవాల్సి వచ్చింది.

పేర్లు ఒకేలా వినిపించినా తరం మారితే గుణం మారుతుంది. జనరల్ మోటార్స్ 2005లో తెచ్చిన డెక్స్‌రాన్-6 అంతకుముందరి డెక్స్‌రాన్-3 కన్నా పల్చన. టయోటా డబ్ల్యూఎస్ ద్రవానికీ, దాని పాత టీ-4 రకానికీ పొత్తు కుదరదు. సీవీటీ గేర్‌బాక్సులది పూర్తిగా వేరే దారి. తప్పుడు ద్రవం పోస్తే బండి వెంటనే ఆగిపోదు. మొదట గేరు మారేటప్పుడు చిన్న వణుకు, తర్వాత ఆలస్యం, ఆపై క్లచ్ జారడం. యజమానికి అనుమానం వచ్చేసరికి ప్లేట్లు మాడిపోయి ఉంటాయి.

రోడ్డు దిగితే ఈ ముప్పు రెట్టింపవుతుంది. ఇసుకలో హై రేంజ్‌లోనే యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటే శక్తి చక్రాలకు చేరకుండా టార్క్ కన్వర్టర్‌లో వేడిగా మారుతుంది. వేడి పెరిగేకొద్దీ ద్రవం ఆయుష్షు తగ్గుతుంది. లో రేంజ్‌కు మారడం అన్నింటికన్నా చవకైన రక్షణ. దుమ్ము, బురద, బరువులు లాగడం వంటి కఠిన వాడకానికి చాలా కంపెనీలు ద్రవం మార్చే గడువును తగ్గించి చెబుతాయి. 'జీవితకాలం మార్చనక్కర్లేదు' అన్న మాట ఇలాంటి బండ్లకు వర్తించదనే అనుకోవాలి.

నీటిది ఇంకో కథ. వేడెక్కిన గేర్‌బాక్స్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ గొట్టం ద్వారా నీటిని లోపలికి లాగుతుంది. డిప్‌స్టిక్‌పై ద్రవం గులాబీరంగు పాలలా కనిపిస్తే నీరు చేరినట్టే. క్లచ్ ప్లేట్లపై కాగితం లాంటి పూత ఆ నీటిని పీల్చుకుని ఊడిపోవచ్చు. ఒకసారి ద్రవం ఒంపేసినంత మాత్రాన సరిపోదు. చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనే మిగిలిపోతుంది కాబట్టి పలుమార్లు మార్చాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలా మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. నాలుగు చక్రాలూ నేలను తాకకుండా ట్రక్కుపై ఎక్కించి తరలించడమే క్షేమం. సమగ్ర బీమాలో వరద నష్టం ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కు జరిగే నష్టానికి సాధారణంగా అదనపు కవర్ కావాలి. గేర్‌బాక్స్ కూడా ఆ కవర్‌లో ఉందో లేదో వానలకు ముందే చూసుకోవాలి.

మరి ఎంపిక ఎలా? ఓనర్స్ మాన్యువల్‌లో నాలుగు చోట్లకూ రాసిన ప్రమాణాలను, పరిమాణాలను విడివిడిగా కాగితంపై రాసుకోవాలి. డబ్బాపై అదే పేరు ఉందో లేదో చూడాలి. 'అనువైనది' అని ఆయిల్ కంపెనీ రాసుకోవడం వేరు, బండి తయారీదారు ఆమోదించడం వేరు. ఆధునిక ఆటోమేటిక్‌లలో అనేకానికి డిప్‌స్టిక్ ఉండదు. నిర్దేశించిన ఉష్ణోగ్రత వద్ద కొలిస్తేనే మట్టం సరిగ్గా తెలుస్తుంది. అందుకు తగిన పరికరం ఉన్న వర్క్‌షాపునే ఎంచుకోవాలి.

లక్షలు పోసి కొన్న బండికి ఇది పెద్ద శ్రమేమీ కాదు. వజ్రాన్ని మెరుపు చూసి కొనరు, భూతద్దం పెట్టి చూస్తారు. గేర్‌బాక్స్ ద్రవం విషయంలో భూతద్దం కూడా అక్కర్లేదు, డబ్బా వెనకున్న చిన్న అక్షరాలు చదివే ఓపిక ఉంటే చాలు.