మీకు తెలుసా? సత్తుపల్లి బస్టాండులోనే వెతకొచ్చు!

సత్తుపల్లిలో హైదరాబాద్ బస్సు కోసం కూర్చున్నారా? ఫోన్ తీయండి! ఏ కేన్సర్‌కి ఏ కొత్త మందు మన దేశంలో ఎక్కడ పరీక్షిస్తున్నారో బస్సు వచ్చేలోపే చూసేయొచ్చు! సీటీఆర్ఐ అని సర్కారు వెబ్‌సైటు ఉంది. 2009 జూన్ నుంచి ఏ క్లినికల్ ట్రయల్ అయినా అందులో నమోదు కావాల్సిందే! చూడ్డానికి పైసా ఖర్చు లేదు. ఏ ఊరు, ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు... ఫోన్ నంబరుతో సహా! అంతా ఇంగ్లీషే. డిగ్రీ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. బయాప్సీ రిపోర్టులో ఉన్న కేన్సర్ పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టించండి.

అరుదైన కేన్సర్లకూ ఇలాగే వెతకొచ్చు. అవి నిజంగా అంత అరుదా? ఒక్కోటి తీసుకుంటే అవును. అన్నీ కలిపితే? యూరప్‌లో ప్రతి 5 కేన్సర్లలో ఒకటి ఇలాంటిదే!

కోరియోకార్సినోమా పేరు విన్నారా? గర్భిణి మాయ నుంచి పుట్టే అరుదైన కేన్సర్. ఒకప్పుడు వచ్చిందంటే ఆశ వదులుకోవడమే. 1956లో అమెరికా డాక్టర్లు ఓ కబురు చెప్పారు: మెథోట్రెక్సేట్ ఇస్తే ఆ గడ్డలు మాయమయ్యాయి! మందుతోనే నయమైన మొట్టమొదటి గడ్డ కేన్సర్ అదే! మరి ఆ మందు ఎవరి బృందం చేసిందో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం! ఆ రోజు చూడ్డానికి ఆయన లేకపోయారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మామూలు జబ్బు మందు ట్రయల్‌కి వందలూ వేలమంది కావాలి. లారోట్రెక్టినిబ్ అనే మందుకు ఎంతమంది సరిపోయారు? 55 మంది! నాలుగు నెలల పసికందు కూడా ఉంది అందులో! గడ్డ ఎక్కడ పుట్టిందని చూడలేదు. దానిలో జన్యువు ఎలా మారిందో చూసి మందిచ్చారు. నలుగురిలో ముగ్గురికి గడ్డ తగ్గింది! అరుదైన కేన్సర్ ట్రయల్‌లో ఒక్కో మనిషి విలువ అంత!

మీ బయాప్సీ ముక్కను పారేశారనుకుంటున్నారా? మైనంలో పెట్టి దాస్తారు! దాన్నే బ్లాక్ అంటారు. ఒక్క మిల్లీమీటరు ముక్కలోంచి సుమారు 200 పొరలు కోయొచ్చు! ట్రయల్ వాళ్లు ముందు అడిగేది చాలాసార్లు అదే. ఊరికి తిరిగొచ్చేముందు బ్లాకులూ స్లైడ్లూ అడగండి.

ఇది మాత్రం దగ్గరికొచ్చి వినండి. 2009లో మన ఖమ్మం జిల్లాలోనే, భద్రాచలం వైపు కూడా, ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా ప్రాజెక్టు నడిచింది. తర్వాత పార్లమెంటు కమిటీ కాగితాలు తిరగేస్తే, 2,763 సమ్మతి ఫారాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! అమ్మానాన్నలవి కావు! టీకా ప్రపంచమంతా వేసేదే. తప్పల్లా అడగాల్సిన వాళ్లను అడగకపోవడంలో ఉంది.

ఇప్పుడు ట్రయల్స్‌కి 2019 రూల్సు ఉన్నాయి. మీకు అర్థమయ్యే భాషలో చెప్పాల్సిందే! ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం! ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు బయటికి రావొచ్చు, మామూలు వైద్యం ఆపకూడదు!

ట్రయల్‌కి సరే అనే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందరూ డాక్టర్లేనా? కాదు! ఒక మామూలు మనిషి ఉండి తీరాలి! మీరు సంతకం పెట్టే కాగితం ముందు ఆ కమిటీ చూడాలి. దాని కాపీ ఒకటి మీదే! అడిగి తీసుకోండి. సత్తుపల్లి వచ్చాక ఇంట్లో ఇంకోసారి చదివించుకోండి!