‘చూస్తుండగా’లో దాగిన కామా

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినబడటం వింతేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వారు రైల్వే పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, హిందీ, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు సులువుగా జారిపోయే గుర్తు ఒకటుంది. అది వాక్యం మొదట్లో వచ్చే ఉపవాక్యం తర్వాత పెట్టవలసిన కామా.

‘షంటర్ చూస్తుండగా ఇంజన్ కదిలింది.’ దీన్ని ఇంగ్లీషులో ‘వైల్ ద షంటర్ వాజ్ వాచింగ్ ద ఇంజన్ మూవ్డ్’ అని కామా లేకుండా రాశామనుకోండి. షంటర్ ఇంజన్‌ను చూస్తున్నాడనుకుని పాఠకుడు ముందుకు సాగుతాడు. తీరా ‘మూవ్డ్’ దగ్గరికి వచ్చాక ఆ క్రియకు కర్త దొరకదు. వెనక్కి వెళ్లి ‘ద ఇంజన్’ను మొదటి భాగం నుంచి విడదీసి రెండోదానికి తగిలించుకోవాలి. ‘వాచింగ్’ తర్వాత కామా ఉంటే ఈ తిప్పలు తప్పుతాయి.

ఈ తడబాటును కొలిచి చూశారు కూడా. 1982లో లిన్ ఫ్రేజియర్, కీత్ రేనర్ ఇలాంటి వాక్యాలు చదివేవారి కంటి కదలికలను నమోదు చేశారు. పొరపాటు బయటపడేచోట చూపు ఎక్కువసేపు నిలిచింది. 2001లో కార్స్టెన్ స్టైన్‌హావర్, ఆంజెలా ఫ్రీడెరిసి జర్మన్ పాఠకుల మెదడులోని విద్యుత్ తరంగాలను పరిశీలించారు. మాట వినేటప్పుడు పదబంధం ముగిసినచోట కనిపించే తరంగం లాంటిదే, మౌనంగా చదివేటప్పుడు కామా దగ్గరా కనిపించింది.

తెలుగు వాక్యంలో ఈ చిక్కు రాకపోవడానికి కారణం మన అసమాపక క్రియ. ‘చూస్తుండగా’, ‘ఆగితే’, ‘వచ్చాక’ అనగానే ఉపవాక్యం ముగిసినట్టే. ఆ ప్రత్యయమే హద్దురాయి. ఇంగ్లీషులో క్రియ తర్వాత కర్మ రావచ్చు, రాకపోవచ్చు. అందుకే హద్దు తెలియదు. అదే ఉపవాక్యం చివరికి జరిగితే, ‘వైల్’ అన్న మాటే హద్దు చూపుతుంది కనుక సాధారణంగా కామా అవసరం ఉండదు. ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైన ఏడాదిని చెబుతూ ‘ఇన్ 1951’ అని వాక్యం ఎత్తుకుంటే, అంత చిన్న పదబంధం తర్వాత కామా పెట్టడం రచయిత ఇష్టం.

క్రీస్తుపూర్వం గ్రీకు పండితుడు అరిస్టోఫనీస్ రాతలో చుక్కలు పెట్టింది బిగ్గరగా చదివేవారి విరామాల కోసం. నేటి కామాకు ఊపిరి లెక్క ఒక్కటే చాలదు. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు ఉపవాక్యంతో మొదలయ్యే ఇంగ్లీషు వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకుని చూడాలి. మొదటి భాగం చివర ‘-గా’, ‘-తే’, ‘-ఆక’ పలికినచోటే ఇంగ్లీషులో కామా పడాలి.